శిక్ష వంకాయకి, తప్పు బకెట్లో

రాత్రి రెండున్నర. అర్ధరాత్రి లేవడం నాకు కొత్త కాదు. ఆన్‌కాల్ వారం వస్తే ఫోన్ మోగుతుంది, లేస్తాను, సర్వర్ సంగతి చూసి మళ్లీ పడుకుంటాను. ఆ రాత్రి లేపింది మాత్రం ఫోన్ కాదు, పక్కలో ఉన్న మా పాప. ఏడవట్లేదు. నిద్రలోనే గోక్కుంటోంది. ఎండుటాకు మీద గోటితో గీస్తే వచ్చేలాంటి చప్పుడు. లైట్ వేసి చూస్తే దిండు గలీబు మీద ఆవగింజంత రక్తపు చుక్కలు.

అప్పటికి పాపకి పది నెలలు. ఆరో నెలలో బుగ్గలు ఎర్రబడితే ఎంత ముద్దుగా ఉందో అని ఫొటోలు తీసుకున్నాం. తర్వాత ఆ ఎరుపు మెడ మడతల్లోకి, మణికట్ల మీదికి, మోకాళ్ల వెనక్కి పాకింది. ముట్టుకుంటే గరుకు. మా అమ్మ చెమటకాయలంది. పక్క ఫ్లాట్ ఆంటీ తామరంది. మెడికల్ షాపు అబ్బాయి అయితే ఫొటో సరిగ్గా చూడకుండానే ఒక ట్యూబు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

అసలు విచారణ ఇంట్లో మొదలైంది. తెనాలి నుంచి వచ్చిన అమ్మ పాప చేతులు తిప్పి చూసి, నేరుగా హారికని అడిగింది. "నువ్వేం తింటున్నావమ్మా? పాలిచ్చే తల్లి వంకాయ తింటే పిల్లకి దురద రాదా?"

అంతే. మొదట వంకాయ పోయింది. తర్వాత గోంగూర, గుడ్డు, వేరుశనగ, చేపలు. హారికకి గుత్తివంకాయ కూరంటే ప్రాణం. మూడు నెలలు బీరకాయ, సొరకాయ, పెసరపప్పుతో నెట్టుకొచ్చింది. మనిషి చిక్కిపోయింది. పాప ఒంటి మీద ఎరుపు మాత్రం ఒక్క గీతంత కూడా తగ్గలేదు. ఎరుపు పెరిగిన ప్రతిసారీ అమ్మ కళ్లు హారిక కంచం వైపు వెళ్లేవి. నేనేం చేశానంటారా? "కొన్నాళ్లు చూద్దాంలే" అన్నాను. ఇంట్లో మగాడు ఎటూ మాట్లాడకుండా తప్పించుకోడానికి వాడే మాట అది.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న

చివరికి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాప ఒళ్లంతా చూసింది. డైపర్ తీయించి మరీ చూసింది. అక్కడ చర్మం నున్నగా, మామూలుగా ఉంది. "ఎగ్జిమా ఉన్న పిల్లల్లో సాధారణంగా డైపర్ కిందిభాగం బాగానే ఉంటుంది" అంది. జబ్బు పేరు అటోపిక్ డెర్మటైటిస్. అంటుకునేది కాదు. గజ్జీ కాదు, తామర ఫంగసూ కాదు.

ఆవిడ చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. చర్మం పైపొర ఇటుక గోడలాంటిది. కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు పదార్థం సిమెంటు. ఈ పిల్లల్లో ఆ గోడకి సందులుంటాయి. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చికాకులు లోపలికొస్తాయి. గోడని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ ఒకటుంది. దాని జన్యువులో లోపాలకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 2006లో బయటపడింది. ఎగ్జిమా ఉన్న అందరికీ ఆ లోపం ఉండదు గానీ, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బన్నది మాత్రం నిజం.

"మీ ఇళ్లలో ఎవరికైనా ఆస్తమా, పొద్దున్నే తుమ్ములు, అలర్జీలు ఉన్నాయా?"

నాకు చిన్నప్పట్నుంచీ పొద్దున లేస్తే పది తుమ్ములు. మా అమ్మకి చలికాలం వస్తే ఆయాసం. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఎప్పుడూ ఉంటుంది, ఆ రోజు కూడా ఉంది. హారిక వైపు వాళ్లకి ఏమీ లేవు. గదిలో ఎవరం ఏం మాట్లాడలేదు. అమ్మ పాప సాక్సులు సర్దడం మొదలుపెట్టింది.

హారిక మెల్లగా అడిగింది, "మరి వంకాయ?"

"మూడు నెలలు మానేశారుగా. తగ్గిందా? వంకాయ ఆ కేసులో నిర్దోషి. ఇక తినండి" అంది డాక్టరమ్మ. కొందరు పిల్లలకి గుడ్డు, పాలు, వేరుశనగ లాంటివాటితో నిజంగానే అలర్జీ ఉండొచ్చు, కానీ దాన్ని పరీక్ష చేసి తేల్చాలి, తల్లిని పస్తులుంచి కాదు అని కూడా చెప్పింది.

తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "బట్టలు దేంతో ఉతుకుతున్నారు? ఎవరు ఉతుకుతారు?"

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ నా డిపార్ట్‌మెంట్. క్లాసులో తప్పు చేసినవాడిలా చెయ్యెత్తాను.

నా ఉతుకుడు విధానం

దాచకుండా చెప్తాను. మెషీన్ ట్రేలో పౌడరు, ప్యాకెట్ మీద రాసినదానికి రెట్టింపు. పిల్ల బట్టలు కదా, బాగా శుభ్రపడాలని. పైన ఒక మూత యాంటీసెప్టిక్ ద్రవం, అది అమ్మ సలహా. చివర్లో గుమగుమలాడే ఫ్యాబ్రిక్ కండిషనర్, అది నా సరదా. డ్రమ్ము మెడదాకా కుక్కి, ఆఫీస్ కాల్ మొదలయ్యేలోపు అయిపోవాలని క్విక్ వాష్ నొక్కేవాణ్ని. తీసిన బట్టలు మల్లెతోటలా ఉండేవి. శుభ్రమంటే అదే అనుకున్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "ఇంటికెళ్లి, ఉతికి ఆరేసిన పాప గౌను ఒకటి బకెట్ మంచినీళ్లలో వేసి చేత్తో కలపండి. ఏమవుతుందో చూడండి" అంది.

చేశాను. మడతపెట్టి బీరువాలో ఉన్న గౌను, నా లెక్కలో శుభ్రమైన గౌను. నీళ్లలో వేసి నాలుగుసార్లు తిప్పేసరికి పైన తెల్లగా నురగ. రెండో బకెట్లో కూడా వచ్చింది. మూడో బకెట్‌కి గానీ నీళ్లు తేటపడలేదు. ఆ నురగంతా పాప రోజూ ఒంటికి తొడుక్కుని తిరుగుతోంది. చెమట పట్టినప్పుడల్లా అది కాస్త కాస్త కరుగుతోంది.

ఇంకోటి వెంటనే తట్టలేదు, రాత్రి తట్టింది. పాప పడుకునేది నా భుజం మీద. జోకొట్టేటప్పుడు తన చెంప ఆనేది నా టీషర్టుకి. పాప బట్టల కంటే ఎక్కువ కండిషనర్ పడేది నా టీషర్టులకే. తను ఎప్పుడూ ఒకే చెంప ఆన్చి పడుకుంటుంది. ఆ చెంపే రెండోదానికంటే ఎర్రగా ఉండేది. ఇది శాస్త్రీయమైన రుజువు కాదని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నురగ చేసే పని

డిటర్జెంట్‌లో ప్రధానమైనవి సర్ఫక్టెంట్లు. వాటి అణువుకి ఒక కొస నీటిని పట్టుకుంటుంది, రెండో కొస నూనెని పట్టుకుంటుంది. జిడ్డు మరక వదిలేది అందుకే. కానీ చొక్కా మీది నూనెకీ, చర్మంలో ఉండాల్సిన నూనెకీ అది తేడా చూడదు. గోడ గట్టిగా ఉన్న మనకి ఏం కాదు. సందులున్న గోడకి ఉన్న సిమెంటూ కదులుతుంది. దానికితోడు మామూలు చర్మం కొద్దిగా ఆమ్ల స్వభావంతో ఉంటుంది, సుమారు 5 పీహెచ్ దగ్గర. బట్టల పౌడర్లేమో క్షారాలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డిటర్జెంట్ వల్ల ఎగ్జిమా పుట్టదు. పుట్టి ఉన్నదాన్ని రెచ్చగొట్టగలదు, అంతే. ఈ తేడా మర్చిపోతే వంకాయ స్థానంలో సర్ఫుని కూర్చోబెట్టి అదే పొరపాటు మళ్లీ చేస్తాం.

నురగ ఎక్కువైతే ఎక్కువ శుభ్రం అన్నది కూడా భ్రమే. మెషీన్‌లో నురగ మితిమీరితే బట్టలు దాని మీద తేలుతూ సరిగా రుద్దుకోవు, జాడింపూ సరిగా జరగదు. మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. బకెట్ అంచున తెల్లగా పేరుకునే నీళ్లు. ఉప్పు నీళ్లలో సబ్బు నురగరాదు కాబట్టి చెయ్యి ఇంకాస్త ఎక్కువ పోస్తుంది, బట్టలో ఇంకాస్త ఎక్కువ మిగులుతుంది.

వెంటనే వాటర్ సాఫ్ట్‌నర్ కొనేద్దామని కార్టులో కూడా పెట్టేశాను. కొనేముందు చదవడం మంచిదైంది. ఇంగ్లండ్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలతో, ఇళ్లలో సాఫ్ట్‌నర్లు బిగించి పరిశీలించిన అధ్యయనం 2011లో వచ్చింది. మామూలు వైద్యం కంటే అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. కార్టు ఖాళీ చేశాను.

సూపర్‌మార్కెట్‌లో గంటన్నర

డాక్టరమ్మ బ్రాండు పేరు చెప్పలేదు. "వాసన లేనిది, రంగు లేనిది, తక్కువ వేయండి, ఎక్కువ జాడించండి" అంది. సరుకుల షాపులో ఆ వరస ముందు నిలబడి ఒక్కో ప్యాకెట్టూ వెనక్కి తిప్పి చదివాను. 1959లో సర్ఫ్ మన దేశానికి వచ్చినప్పట్నుంచీ మనకి ఏ పౌడరైనా "సర్ఫే". ఆ సర్ఫుల్లో ఇన్ని రకాలున్నాయని ఆ రోజే చూశాను. నాకు తెలిసినవి ఇవీ:

పాప బొమ్మ ఉన్నంత మాత్రాన పాపకి పనికిరాదు. "బేబీ" అని రాసి ఉన్న సీసాల్లో చాలావాటికి కమ్మటి వాసన ఉంది. వాసన వచ్చిందంటే అందులో పరిమళం కలిపినట్టే. చర్మానికి అలర్జీ తెప్పించే పదార్థాల్లో పరిమళాలు ముందు వరసలో ఉంటాయి.

"సెంట్ లేనిది", "వాసన రానిది" ఒకటి కాదు. ఇంగ్లిష్‌లో ఫ్రాగ్రన్స్ ఫ్రీ అంటే పరిమళం కలపనిది. అన్‌సెంటెడ్ అంటే వాసన రాదని మాత్రమే. మందుల వాసన కప్పడానికి వేరే పరిమళం కలిపి ఉండొచ్చు. కావలసింది మొదటిది.

"హైపోఅలర్జెనిక్" అనే మాటకి నమ్మకమైన కొలత లేదు. అమెరికాలో కాస్మెటిక్స్‌ని చూసే ఎఫ్‌డీఏనే ఆ మాటకి చట్టంలో నిర్వచనం లేదని చెబుతోంది. ముందువైపు ఏం రాశారన్నదానికంటే వెనకవైపు ఏం కలిపారన్నది ముఖ్యం.

లిక్విడా, పౌడరా? లిక్విడ్ చన్నీళ్లలో సులువుగా కరుగుతుంది, గుల్లలుగా బట్టకి అంటుకోదు. కానీ పాడవకుండా నిల్వ మందు కలపాలి. వాటిలో మిథైల్ఐసోథయజోలినోన్ అనేదాన్ని అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కి "ఆ ఏటి అలర్జీ కారకం"గా ఎంచింది. పౌడరుకి ఆ గొడవ తక్కువ, కానీ బాగా కరగాలి, బాగా జాడించాలి. ఏదైనా తప్పు కాదు. దేనికి ఏ జాగ్రత్తో తెలిస్తే చాలు.

ఎంజైములంటే భయం అక్కర్లేదు. నేను మొదట భయపడింది వాటికే. 2008లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన సమీక్ష మాత్రం, ఇంట్లో వాడే డిటర్జెంట్లలోని ఎంజైములు చర్మానికి హాని చేస్తాయనడానికి ఆధారాలు లేవని తేల్చింది.

సహజం అన్న మాటకి లొంగిపోవద్దు. అమ్మ వెంటనే "కుంకుడుకాయలతో ఉతుకుదాంరా" అంది. కుంకుడు రసం నురగ కూడా సపోనిన్లనే సర్ఫక్టెంట్లదే. చిన్నప్పుడు ఆదివారం తలంటులో అది కళ్లలో పడినవాళ్లెవరూ దాన్ని మెత్తనిది అనరు. లావెండర్ నూనె చెట్టు నుంచే వస్తుంది, అదీ పరిమళమే.

చివరికి కొన్నది అంత ఖరీదైనదేమీ కాదు. వాసన లేని మామూలు లిక్విడ్. అసలు ఖర్చు అలవాట్లు మార్చుకోవడంలో అయింది.

ఇప్పుడు ఎలా ఉతుకుతున్నానంటే

సీసా మీద రాసినంతే, కొలిచి పోస్తాను. డ్రమ్ములో పైన జానెడు ఖాళీ వదులుతాను. క్విక్ వాష్ మానేశాను. ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ ఎప్పుడూ ఆన్. కండిషనర్, యాంటీసెప్టిక్ రెండూ బంద్. కొత్త బట్టలు ఉతక్కుండా తొడగం. మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్స్ కత్తిరిస్తాం. పాపవే కాదు, మా ఇద్దరి బట్టలు, దుప్పట్లు, టవళ్లు అన్నీ అదే లిక్విడ్‌తో. పాప ఆనేది మనకే కదా.

మీ ఇంట్లో మెషీన్ లేకపోయినా ఇబ్బంది లేదు. చేత్తో ఉతికితే ఇంకా నయం, నీళ్లు తేటపడేదాకా జాడించొచ్చు. ఉతికిపెట్టే మనిషి ఉంటే ఆవిడకి "కొంచెమే వెయ్యమ్మా, ఒక బకెట్ నీళ్లు ఎక్కువైనా పర్లేదు" అని చెప్పండి. ఆవిడ చేతులకీ మంచిదే.

మరో ముఖ్యమైన సంగతి. అమ్మ ఊరి నుంచి నా చిన్నప్పటి చొక్కాలు, స్వెటర్లు ప్రేమగా మూటగట్టి తెచ్చింది. విప్పగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. డాక్టరమ్మ దీనికి మాత్రం గట్టిగా వద్దంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి ఆ నాఫ్తలీన్ ఒంట్లోకి చేరితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు, ప్రమాదకరమైన రక్తహీనత రావొచ్చు. ఆ లోపం ఉందో లేదో మనలో చాలామందికి తెలీదు. పసిపిల్లల బట్టలున్న బీరువాలో కలరా ఉండలు పెట్టకండి.

తగ్గిందా?

తగ్గింది. కానీ సర్ఫు మార్చగానే తగ్గిందని చెబితే అబద్ధం. ఆఫీసులో ఒకేసారి రెండు మార్పులు చేసి, ఏది పనిచేసిందో చెప్పమంటే మా మేనేజర్ ఊరుకోడు. మేమిక్కడ నాలుగు మార్పులు ఒకేసారి చేశాం. పది నిమిషాలకి మించని గోరువెచ్చని స్నానం. ఒళ్లు తుడవగానే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని చిక్కటి మాయిశ్చరైజర్. డాక్టర్ రాసిన క్రీము, రాసినన్ని రోజులే. సున్నిపిండితో నలుగు బంద్. ఆ చివరిదానికి అమ్మని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. నా అంచనాలో సగానికి పైగా మేలు మాయిశ్చరైజర్‌దే. డిటర్జెంట్ మార్పు చేసింది ఏంటంటే, ఒకవైపు గోడ కడుతుంటే ఇంకోవైపు తవ్వడం ఆపింది.

మెడికల్ షాపు ట్యూబు గురించి కూడా చెప్పాలి. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూపించింది. అందులో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ ఉన్నాయి. రెండు రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది, వాడుతూ పోతే పిల్లల పల్చటి చర్మం ఇంకా పల్చబడుతుంది. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, డాక్టర్ మాకు రాసిందీ స్టెరాయిడే, తక్కువ బలంది. ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది షాపులో తేలే విషయం కాదు. చీము పట్టినా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు లేచినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాపకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. ఎండలు ముదిరినప్పుడు, జలుబు చేసినప్పుడు మణికట్ల మీద కాస్త ఎర్రబడుతుంది. గిల్లి మాయమయ్యే జబ్బు కాదిది. చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గుతుందంటారు. రాత్రిళ్లు మాత్రం నిద్రపోతోంది. మేమూ పోతున్నాం.

పోయిన ఆదివారం బాల్కనీలో దండెం మీద బట్టలు ఆరేస్తుంటే వంటింట్లోంచి మసాలా వేగుతున్న వాసన వచ్చింది. నువ్వులు, ధనియాలు, ఎండుమిర్చి. అమ్మ గుత్తివంకాయ చేస్తోంది. క్షమించమని అడగడం మా అమ్మ తరానికి రాదు. భోజనాల దగ్గర హారిక కంచంలో రెండు కాయలు వేసింది. హారిక తిని, ఏమీ అనకుండా కంచం ముందుకు జరిపింది. అమ్మ ఇంకోటి వేసింది.

"తిను. పిల్లకేం కాదులే" అంది.

నేను ఆ మూడు నెలలకి హారికకి సారీ చెప్పానా అని మీరు అడగొచ్చు. చెప్పాను, కాస్త ఆలస్యంగా. "సారీ తర్వాత, ముందు మెషీన్‌లో బట్టలు తియ్యి, మురిగిపోతాయి" అంది.